గేరుపెట్టెలోని నూనె - దానిని పరీక్షించు విధము

పూర్వము మన పల్లెలలో ఎడ్లబండి కట్టువాడు దూరప్రయాణమునకు బయలుదేరుటకు ముందు ఇరుసునకు కందెన వేయుట మరచెడివాడు కాడు. గడ్డిని కాల్చిన మసిని ఆముదముతో కలిపి, ఆ నల్లని ముద్దను ఇరుసునకు పూసి, చక్రమును ఎక్కించి, పిమ్మట ఎడ్లను కట్టెడివాడు. కందెన లేని బండి దారిపొడుగున కీచుమని అరచును. ఆ అరపు విన్న వారెల్లరు బండివాని సోమరితనమును ఎరుగుదురు. నేటి మోటారుకారు అట్లు తొందరపడి అరవదు. దాని లోపలి చక్రములు ఇనుప పెట్టెలలో దాగియుండును. అవి కందెన లేక అరిగిపోవుచున్నను చాలకాలము వరకు బయటికి తెలియదు. తెలిసిన నాటికి వ్యవహారము చేయి దాటిపోవును.

కారునకు ఇంజను నూనె కావలెనని అందరును ఎరుగుదురు. గేరుపెట్టెకు వేరొక నూనె కలదనియు, దానిని వేరుగ పరీక్షింపవలెననియు ఎరిగినవారు కొద్దిమంది. మన హోసూరు ప్రాంతమున బెంగుళూరునుండి సేలము వైపు సాగు పెద్ద రహదారి కలదు. మోటారు బండ్లను తయారుచేయు కర్మాగారములు కలవు. బండి నడిపియు, బాగుచేసియు జీవించు కుటుంబములు మన పాఠశాలలో చదువు పిల్లల ఇండ్లలో ఎన్నియో కలవు. కావున ఈ విషయమును విద్యార్థులకు విశదముగ తెలుపుట ఉచితమని తలంచితిమి.

గేరుపెట్టె చేయు పని

ముందుగ గేరుపెట్టె ఎందులకో తెలిసికొందము. కారు ఇంజను నిమిషమునకు సుమారు 800 చుట్లకంటె తక్కువగ తిరుగజాలదు. అంతకంటె మెల్లగ తిప్పబూనినచో అది ఆగిపోవును. కదలక నిలచియున్న బండిని లాగుటకు కావలసినంత త్రిప్పుబలమును అది నేరుగ చక్రములకు ఈయజాలదు. కావున ఇంజను ఎక్కువ చుట్లు తిరిగి, చక్రము తక్కువ చుట్లు తిరుగునట్లు నడుమ పండ్లచక్రములను అమర్చిరి. చుట్లు తగ్గినకొలది బలము పెరుగును. ఇది మీరు భౌతికశాస్త్రమున చదివిన తులాదండ సూత్రమే.

ఒక ఉదాహరణము తీసికొందము. మొదటి గేరులో నిష్పత్తి 3.5 అనియు, పై గేరులో 0.8 అనియు, చివరి పండ్లచక్రముల జతలో 4 అనియు అనుకొందము. చిన్న కార్లలో ఈ సంఖ్యలు ఇంచుమించుగ ఇట్లే యుండును. మొదటి గేరులో చక్రము ఒక్కమారు తిరుగుటకు ఇంజను 3.5 × 4, అనగా 14 మారులు తిరుగవలెను. పై గేరులో 0.8 × 4, అనగా 3.2 మారులు తిరిగిన చాలును. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. చక్రపు చుట్టుకొలత 1.7 మీటర్లయినచో మొదటి గేరులో బండి వేగము గంటకు సుమారు 22 కిలోమీటర్లు, పై గేరులో సుమారు 96 కిలోమీటర్లు అగును. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి సరిచూచుకొనవచ్చును.

తొలినాటి కార్లలో ఒక పండ్లచక్రమును జరిపి వేరొకదానితో కలుపుటయే గేరు మార్చుట. రెండును వేర్వేరు వేగములతో తిరుగుచుండుటచే పండ్లు గరగరలాడెడివి. ఈ చిక్కును తొలగించుటకై 1928లో అమెరికాయందు కాడిలాక్ కార్లలో ఒక క్రొత్త ఏర్పాటు ప్రవేశపెట్టబడెను. దానిని సింక్రోమెష్ అందురు. కలియబోవు రెండు భాగముల వేగములను మొదట రాపిడిచేత సమానముచేసి, పిమ్మట కలుపుటయే దాని సూత్రము. నేటి కార్లలో ఆ రాపిడి పని చేయునవి సాధారణముగ ఇత్తడి వంటి లోహముతో చేసిన ఉంగరములు. ఈ ఉంగరముల సంగతి గుర్తుంచుకొనుడు. ముందు దానితో పని కలదు.

నూనె చేయు పని

గేరుపెట్టెలోని నూనె మూడు పనులు చేయును. పండ్లకు పండ్లకు నడుమ సన్నని పొరగ నిలిచి ఇనుము ఇనుమును తాకకుండ కాపాడును. రాపిడిచే పుట్టిన వేడిని గ్రహించి పెట్టె గోడలకు చేర్చును. అరిగిన లోహపు పొడిని కడిగి అడుగునకు దించును.

ఇంజనులో నూనెను పైకి పంపుటకు పంపు కలదు. సాధారణమైన కారు గేరుపెట్టెలో అట్టి పంపు లేదు. క్రింది చక్రములు నూనెలో మునిగి తిరుగుచు, దానిని పైకి చిమ్ముచుండును. ఆ తుంపరలే పై ఇరుసులకును, బేరింగులకును ఆధారము. కావున నూనె మట్టము తగ్గినపుడు మొదట ఎండునవి పై భాగములు. చిన్న కార్లలో ఈ నూనె మొత్తము 2 లీటర్లు మొదలు 2½ లీటర్ల వరకే యుండును. అందులో అర లీటరు పోయినను అది చిన్న నష్టము కాదు.

ఇచ్చట ముఖ్యమైన భేద మొకటి కలదు. ఇంజనులో నూనె కొంత మండిపోవును. కావున అది కొద్దిగ తగ్గుట సహజము. గేరుపెట్టెలో మంట లేదు. అందలి నూనె మండిపోదు. అది తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కావున తగ్గిన నూనెను నింపుటతో పని తీరదు. కారు చోటును కనుగొనవలెను.

ఏ నూనె పోయవలెను

గేరు నూనె డబ్బాపై 75W-90, 80W-90 వంటి అంకెలు ముద్రించియుండును. W అను అక్షరమునకు ముందున్న అంకె చలిలో నూనె పారు తీరును, తరువాతి అంకె వేడిలో దాని చిక్కదనమును తెలుపును. 90 అను అంకెను చూచి, ఇంజను నూనెపై నుండు 40కంటె ఇది రెండింతలు చిక్కనిదని భ్రమపడరాదు. ఈ రెంటిని కొలుచు పద్ధతులు వేరు. వేడిలో 90 అంకెగల గేరు నూనె ఇంచుమించుగ 40 లేక 50 అంకెగల ఇంజను నూనెయంత చిక్కగ నుండును.

GL-4, GL-5 అను గుర్తులు మరియొక సంగతిని తెలుపును. అధికమైన ఒత్తిడికి తట్టుకొనుటకై గేరు నూనెలో గంధకము, భాస్వరము గల ద్రవ్యములను కలుపుదురు. GL-5 నూనెలో ఇవి అధికము. ఇరుసు నడుమ నుండు పెద్ద చక్రములకు అవి మేలు చేయును. కాని కొన్ని నూనెలలోని ఆ ద్రవ్యములు ఇత్తడి వంటి లోహములను తినివేయును. మనము మీద చెప్పిన ఉంగరములు ఆ లోహముతో చేసినవే. అందుచేత అనేక కార్ల గేరుపెట్టెలకు GL-4 నూనెనే వాడుమని తయారుచేసినవారు చెప్పుదురు. కొన్ని బండ్లకు ఇంజను నూనెయో, ఆటోమేటిక్ గేరుపెట్టెల నూనెయో నిర్ణయింపబడియుండును. ఏది ఎక్కువ ఖరీదో అది మేలనుట పొరపాటు. ఆ బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము.

పరీక్షించు విధము

ఈ పనిని విద్యార్థులు ఒంటరిగ చేయరాదు. పెద్దవారి సమక్షమున, పని తెలిసిన మేస్త్రీ దగ్గరనుండి చూచి నేర్చుకొనవలెను.

మొదట బండిని సమతలమైన నేలపై నిలుపవలెను. బండి ఒకవైపు వంగియున్నచో లోపలి నూనెయు వంగియుండును. నిండుగ నున్నది తక్కువగను, తక్కువగ నున్నది నిండుగను కనబడును. ఒక ప్రక్క మాత్రము జాకీతో ఎత్తి పరీక్షించువారు ఈ కారణముచేతనే మోసపోవుదురు. గోతిపై నిలిపి చూచుటయో, నాలుగు చక్రములను సమముగ ఎత్తు యంత్రముపై నిలుపుటయో ఉత్తమము. బండి క్రింద దూరవలసివచ్చినపుడు జాకీని మాత్రము నమ్మరాదు. బండి బరువును మోయదగిన ఇనుప స్టాండులను నిలుపవలెను. జాకీ జారి ప్రాణములు పోయిన సందర్భములు కలవు.

రెండవది. ఇంజనును ఆపి, చేతిబ్రేకు వేసి, మొదటి గేరులో నిలిపి, చక్రములకు ముందు వెనుకల అడ్డు పెట్టవలెను. దూరము నడిపి తెచ్చిన వెంటనే చూడరాదు. అప్పుడు నూనె చేయి కాల్చునంత వేడిగ నుండును. అదియుగాక, కొంత నూనె చక్రములకును గోడలకును అంటుకొనియుండును. కొంతసేపు చల్లారనిచ్చినచో నూనె అంతయు అడుగునకు చేరి, మట్టము నిలకడగ నుండును.

మూడవది. కొన్ని బండ్లకు ఇంజనునకు వలెనే గేరుపెట్టెకును కొలపుల్ల యుండును. నేటి కార్లలో అనేకమునకు అది లేదు. దానికి బదులు పెట్టె ప్రక్కన ఒక మరబిరడా యుండును. మెకానిక్కులు దీనిని ప్లగ్గు అందురు. సాధారణముగ రెండు ప్లగ్గులు కనబడును. ప్రక్కన మీదుగ నున్నది నూనె పోయుటకు, మట్టము చూచుటకు. అడుగున నున్నది నూనెను దించుటకు. ఈ రెంటిని తారుమారు చేయరాదు. చుట్టునున్న మట్టిని, దుమ్మును గుడ్డతో శుభ్రముగ తుడిచిన పిమ్మటనే ప్లగ్గును విప్పవలెను. లేనిచో ఆ ఇసుక లోపల పడును. సరియైన కొలత గల పానానే వాడవలెను. వదులైన పానా ప్లగ్గు అంచులను గుండ్రముగ చేసి, తరువాత ఎవరును విప్పజాలనట్లు చేయును.

నాల్గవది. మీది ప్లగ్గును మెల్లగ విప్పవలెను. క్రింద ఒక పళ్లెమును ఉంచవలెను. నూనె సన్నని ధారగ కొద్దిగ కారి నిలిచినచో మట్టము సరిగ నున్నది. ఏమియు రానిచో చిటికెన వ్రేలిని రంధ్రమున దూర్చి క్రిందికి వంచి చూడవలెను. రంధ్రపు దిగువ అంచు మట్టమునకు నూనె తగిలినచో చాలును. అంతకంటె క్రిందనున్నచో, అదే జాతి నూనెను చిన్న పంపుతో గాని, పొడవాటి గొట్టము గల గరాటుతో గాని కొంచెము కొంచెముగ పోయవలెను. రంధ్రమునుండి నూనె పొంగి, పొంగినది కారి నిలచునంతవరకు వేచియుండవలెను. బండి పుస్తకమున వేరొక మట్టము చెప్పబడియున్నచో దానినే పాటింపవలెను.

ఎక్కువ పోయుట వలనను కీడు కలదు. చక్రములు ఆ నూనెను మజ్జిగ చిలికినట్లు చిలుకును. నురుగు పుట్టును. వేడి పెరుగును. నురుగునకు లోహమును కాపాడు శక్తి తక్కువ. లోపలి ఒత్తిడి హెచ్చి నూనె సీళ్లనుండి బయటికి వచ్చును.

ఐదవది. ప్లగ్గునకు క్రొత్త వాషరు వేసి తిరిగి బిగింపవలెను. నేటి గేరుపెట్టెలు చాలవరకు అల్యూమినియముతో చేసినవి. బలముగ నున్నానని కండబలమంతయు చూపినచో మర తెగిపోవును. అందులకే పుస్తకమున బిగింపు కొలత చెప్పబడియుండును.

నూనెను పూర్తిగ మార్చునపుడు ఒక నియమమును మరువరాదు. మొదట మీది ప్లగ్గు వచ్చుచున్నదో లేదో చూచి, పిమ్మటనే అడుగు ప్లగ్గును విప్పవలెను. అడుగున నూనెనంతయు దించివేసి, మీది ప్లగ్గు తుప్పుపట్టి రానిచో, బండి నూనె లేక అచ్చటనే నిలిచిపోవును.

నూనె చెప్పు సంగతులు

వైద్యుడు నాడిని చూచినట్లు, అనుభవజ్ఞుడైన మేస్త్రీ వ్రేలికంటిన నూనెను చూచి పెట్టెలోపలి సంగతులు తెలిసికొనును. క్రొత్త నూనె తేనెరంగున నుండును. వాడుకచే కొంత నల్లబడుట సహజము. ప్లగ్గునకు అయస్కాంతమున్నచో దానిపై బూడిదరంగు మెత్తని ముద్ద చేరును. అది సాధారణమైన అరుగుదల. కాని గోటితో తీయదగిన ఇనుప ముక్కలు దొరకినచో పండ్లు విరుగుచున్నవని అర్థము. అయస్కాంతమునకు అంటని పసుపుపచ్చని తళుకులు నూనెలో తేలినచో ఇత్తడి ఉంగరములు అరుగుచున్నవని గ్రహింపవలెను. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. వరదనీటిలో బండిని నడిపినపుడు, పెట్టె గాలి పీల్చుకొను రంధ్రమునుండియు, సీళ్లనుండియు నీరు లోపలికి పోగలదు. అట్టి నూనెను వెంటనే మార్చవలెను.

గేరు మార్చునపుడు గరగర శబ్దము, ఒక గేరులో మాత్రము ఊళవంటి ధ్వని, గేరు తనంతట తాను ఊడివచ్చుట, ఇవి పెట్టెలోని వ్యాధికి చిహ్నములు. అయితే గేరు గట్టిగ పడుటకు నూనెయొక్కటే కారణమని తీర్పు చెప్పరాదు. క్లచ్చి పూర్తిగ విడువకున్నను, గేరు కడ్డీల కీళ్లు వదులైనను అట్లే యుండును. అందుచే మొదట నూనెను చూచుట. అది సరిగ నున్నచో తక్కిన కారణములను వెదకుట. ఖర్చు తక్కువైన పరీక్షను ముందు చేయుట శాస్త్రపద్ధతి.

మనకు తెలిసిన ఒక ఉదంతము

మన పాఠశాల విద్యార్థి ఒకని తండ్రి అద్దెకారు నడిపి కుటుంబమును పోషించుచున్నాడు. ఒక వర్షాకాలమున అతని బండి నిలచు చోట నేలపై నూనె మరకలు కనబడెను. అతడు అశ్రద్ధ చేయువాడు కాడు. ఇంజను కొలపుల్లను తీసి చూచెను. నూనె నిండుగ నుండుటచే నిశ్చింతుడయ్యెను. రెండు నెలల పిమ్మట బండిలో సన్నని ఊళ వినబడసాగెను. రోడ్డు శబ్దమనుకొనెను. ఒకనాడు నలుగురు ప్రయాణికులతో సేలమునకు పోవుచు తొప్పూరు కనుమ దిగుచుండగ, మూడవ గేరు తనంతట తాను ఊడివచ్చెను.

కనుమ దిగునపుడు తక్కువ గేరులో నుండుటచే ఇంజనే బండిని పట్టియుంచును. గేరు ఊడినచో ఆ పట్టు తప్పిపోవును. భారమంతయు బ్రేకులపై పడును. ముందొక లారీ, వెనుకనొక బస్సు. అతడు ధైర్యము చెడక బ్రేకును అదిమి, బండిని ప్రక్కకు తీసి నిలుపగలిగెను. ఎవరికిని హాని కలుగలేదు.

కార్ఖానాలో పెట్టెను విప్పగ అందు నూనె అడుగున కొంచెమే మిగిలియుండెను. చక్రమునకు పోవు కడ్డీ వద్ద సీలు చెడి, నూనె బొట్లు బొట్లుగ కారిపోయెను. పై ఇరుసు బేరింగు పొడియైయుండెను. అపుడు వారి నడుమ జరిగిన సంభాషణ ఇది.

"ఆయిలు వారం వారం చూస్తానే ఉండాను కదా మేస్త్రీ!"

"నువ్వు చూసింది ఇంజను పుల్లన్నా. గేరుబాక్సుకు ఏరే ఆయిలు. దానికి పుల్ల లేదు. కిందికి వంగి చూస్తేనే తెలిసేది."

"ఇట్లా ఒకటుందని నాకెవురూ చెప్పలేదే!"

ఆ చివరి మాటయే ఈ వ్యాసమునకు కారణము. సీలు వెల స్వల్పము. అది సకాలమున మార్చినచో ఒక పూట పని. పెట్టెను మరల కట్టించుటకు అతని రెండు నెలల సంపాదన పట్టినది. బండి నిలచిన దినములకు రాబడి లేదు, బ్యాంకు వాయిదా మాత్రము ఆగలేదు. బండితో వచ్చిన పుస్తకము అతని ముందు పెట్టెలోనే యుండెను. అందు గేరుపెట్టె నూనెను పరీక్షింపవలసిన దూరమును స్పష్టముగ ముద్రించియే యున్నారు. అయితే అది ఆంగ్లమున నున్నది.

ముగింపు

విద్యార్థులారా! మీరు మన మాతృభాషలో చదువుచు, తమిళమును, ఆంగ్లమును గూడ నేర్చుచున్నారు. మీ ఇండ్లలో కారుగాని, ఆటోగాని, ట్రాక్టరుగాని ఉన్నచో దాని పుస్తకమును ఒక ఆదివారమునాడు తెరువుడు. ఏ నూనె, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు అను మూడు విషయములను వెదకి, తెలుగున ఒక అట్టపై వ్రాసి, బండి తలుపు లోపల అంటింపుడు. అనేక కార్లకు గేరు నూనెను మార్చు గడువు 40,000 మొదలు 1,00,000 కిలోమీటర్ల వరకు నుండును. బండి నిలచు చోట ప్రతి ఉదయము నేలను చూచుట ఇంట పిల్లలును చేయదగిన పని. మరక కనబడినచో ఒక అట్టముక్కను క్రింద పరచి, అది ఏ భాగమునుండి పడుచున్నదో గుర్తింపుడు. గేరు నూనెకు గంధకపు ఘాటువాసన యుండును. దానిచే ఇంజను నూనెనుండి దానిని వేరుపరుపవచ్చును.

దించిన పాత నూనెను కాలువలోగాని, పొలము గట్టునగాని పారబోయరాదు. అది నేలను, బావినీటిని చెరచును. మూతగల డబ్బాలో పోసి, పాత నూనెను సేకరించు అనుమతి గలవారికి ఈయవలెను.

రాబోవు కాలమున విద్యుత్తు కార్లు పెరుగును, వానికి గేరు కర్ర యుండదు, ఈ విద్య ఎందులకని కొందరు అడుగవచ్చును. విద్యుత్తు కారునందును మోటారు వేగమును తగ్గించు పండ్లచక్రముల పెట్టె యొకటి కలదు. దానికిని నూనె కలదు. తిరుగు చక్రమున్నంతకాలము కందెన పని ఉండనే యుండును. ఎడ్లబండి నాటినుండి మన పెద్దలు ఎరిగిన ఆ జాగ్రత్తను, నేటి యంత్రములకు తగినట్లు నేర్చి, ఇంటివారికి నేర్పుట చదువుకొన్న పిల్లల ధర్మము.